బిస్కెట్ల వ్యానులో నులక మంచం: దేవరకొండ నుంచి ఆలంపూర్ దాకా

మా అత్తగారు కిందటి ఏడు కోతల కాలంలో కళ్ళంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. నల్లగొండ దవాఖానలో చాలా రోజులు ఉన్నాక ఎముక అతికిందని ఇంటికి పంపించారు. పడుకోవచ్చు, మనిషిని పట్టుకొని నాలుగడుగులు వేయవచ్చు, ఎక్కువసేపు కూర్చోవడం మాత్రం పనికిరాదు, బస్సు మాట తలపెట్టవద్దు అని డాక్టరు చెప్పారు. అప్పటినుంచి ఆమె దేవరకొండలో మా ఇంటి అరుగు మీది నులక మంచం దాటి ఎక్కడికీ పోలేదు. ఆమెకు ఒక్కతే చెల్లెలు, ఆలంపూర్‌లో ఉంటుంది. ఈ ఏడు దసరా తర్వాత అక్కడినుంచి ఒక మనిషి కబురు తెచ్చాడు. చెల్లెలికి రెండు కళ్ళూ పూర్తిగా పోయాయట. "చూసుడైతే అయిపోయింది, అక్కను ఒక్కసారి చేతులతోటి పట్టుకోవాలె" అన్నదట. కళ్ళు లేని మనిషి ఇంత దూరం రాలేదు, కూర్చోలేని మనిషి అంత దూరం పోలేదు. అత్తగారు రెండు పూటలు అన్నం ముట్టలేదు. మర్నాడు కొడుకును పిలిచి, "నేను పోతా. ఎట్ల తీస్కపోతవో నాకు తెల్వది. పండుకొనే పోతా" అన్నారు. ఈ ప్రయాణానికి మూలం ఆ మాటే. ఇంట్లో లేవలేని మనిషి ఉండి, దూరం పోవలసిన పని పడ్డవాళ్ళు ఇంకా ఉంటారని ఇది రాస్తున్నాను. నేను చదివింది నాలుగో తరగతి దాకానే. బండి సంగతి, రోడ్డు సంగతి చూసింది చూసినట్టు చెబుతాను.

మా ఆయనకు ఒక పాత వ్యాను ఉంది. హైదరాబాదులో హర్రాజులో కొన్నది. అంతకుముందు అది ఒక బిస్కెట్ల కంపెనీలో ఉండేది. మాకు వచ్చాక నారాయణపేట నుంచి చీరల మూటలు తెచ్చి ఇటువైపు దుకాణాలకు వేస్తున్నారు. అయినా ఎండ ఎక్కితే ఇప్పటికీ లోపల బిస్కెట్ల వాసన వస్తుంది, చీమలు కూడా దాన్ని మరిచిపోలేదు. వెనుక రెండు తలుపులు, ముందు డ్రైవరు సీటుకూ సామాను జాగాకూ మధ్య ఒక రేకు గోడ, ఆ గోడకు అరచేయంత కిటికీ. మిగతాదంతా మూసిన రేకు పెట్టె. మధ్యాహ్నం తలుపులు వేసి లోపల కూర్చుంటే రొట్టెల పెనం మీద కూర్చున్నట్టే. ఇందులో ఒక ముసలి మనిషిని రెండు రోజులు పడుకోబెట్టి తీసుకుపోవాలి.

ముందు ఎండ సంగతి చూశాం. బస్టాండు దగ్గర రేకుపని చేసే సాయిబుతో రెండు పక్కలా కిటికీలు కోయించాం. కోసిన రేకునే పైన బందులు వేసి రెక్కలాగా బిగించాడు. ఎత్తి పుల్ల పెడితే నీడ, దించితే మూత. అందుకు పన్నెండు రూపాయలు తీసుకున్నాడు. లోపల కప్పుకు వెదురు బద్దలు కట్టి, వాటికి పాత గొంగళ్ళు కుట్టాం. మా నాయినకు గొర్ల మంద ఉంది, అత్తగారింట్లోనూ మామగారు ఉన్నంతకాలం ఉండేది, కాబట్టి గొంగళ్ళకు కొదవ లేదు. గొంగడి చలికే అనుకుంటారు గాని ఎండకూ అదే మంచిది. నేను దబ్బనంతో కుడుతుంటే అత్తగారు అరుగు మీదినుంచి చూస్తూ, "కుట్లు దగ్గర దగ్గర వెయ్యి పిల్లా, ఊడితే నా మొకం మీదనే గద పడేది" అన్నారు. నీళ్ళకు ఇత్తడి బిందె పెడితే మొదటి గుంతకే సగం ఒలికిపోయింది. దాన్ని తీసేసి మూత ఉన్న మట్టి రంజన్ పెట్టి, దాని కింద గడ్డితో పేనిన కుదురును నేలకు మేకులతో కొట్టాం. గ్యాసునూనె స్టవ్వును వెనుక మూలకు కట్టాం, కాని దాన్ని కిందికి దించకుండా వెలిగించరాదని మా ఆయన ముందే చెప్పారు. ఒక పాత నారాయణపేట చీరను అడ్డంగా తెర కట్టాం. అవసరమైనప్పుడు ఆ తెర లాగితే చాటు, దాని పక్కనే ఎనామిలు బేసిను, చెంబు. లేవలేని మనిషితో పోయేవాళ్ళు ఈ ఏర్పాటును అన్నిటికంటే ముందు ఆలోచించుకోవాలి. మేము అన్నిటికంటే చివర ఆలోచించాం.

ఇక మంచం. కొత్తది చేయిస్తామంటే అత్తగారు ఒప్పుకోలేదు, తన నులక మంచమే కావాలన్నారు. వెనుక తలుపుల్లోంచి పట్టేటట్టు మంచం కోళ్ళు కొంచెం కోయించి, నులక మళ్ళీ బిగించి, ఇనుప పట్టీలతో బండి నేలకు బోల్టులు వేశారు. తల వైపు ఒక పలకను ఏటవాలుగా బిగించి దాని మీద బొంత పరిచాం. కింద రెండు రేకు పెట్టెలు, ఒకదాంట్లో తిండి సామాను, ఒకదాంట్లో బట్టలు. తల ఎటు పెట్టాలన్నది పెద్ద ఆలోచన కాలేదు. బండి కొంతసేపు నడిస్తే ముందున్న రేకు గోడ ఇంజను వేడికి కాలుతుంది, దాని మీద చేయి పెట్టలేం. కాబట్టి తల వెనుక తలుపుల వైపు, కాళ్ళు ఇంజను వైపు. ఇట్లా పడుకుంటే చిన్న కిటికీలోంచి కొడుకు వీపు కనిపిస్తుందని అత్తగారూ సంతోషించారు. రెండు సాయంత్రాలు కల్వకుర్తి రోడ్డు మీద కొంతదూరం పోయి వచ్చి చూశాం. ఆమెకు నొప్పి రాలేదు, ఒకసారి నిద్ర కూడా పోయారు.

ఇంకొక ఏర్పాటు నా కోసం చేసుకున్నది. పెద్దవాళ్ళ ముందు భర్తను పిలిచి మాట్లాడటం మా ఇళ్ళలో అలవాటు లేదు. నేను వెనుక అత్తగారి పక్కన ఉంటాను, ఆయన గోడకు అవతల. అందుకని రేకు గోడ మీద గరిటెతో ఒక దెబ్బ కొడితే బండి ఆపాలని, రెండు కొడితే పోనివ్వాలని అనుకున్నాం. ఇది పెట్టుకోబట్టి దారి పొడుగునా నాకు ఇబ్బంది లేకపోయింది.

ఇవన్నీ కుదిరేసరికి చలికాలం గడిచింది. ఆలంపూర్‌లో శివరాత్రి జనం సద్దుమణిగాక, ఎండలు ముదరకముందు బయలుదేరాం. తెల్లవారుతుండగానే వాడవాళ్ళు చూడటానికి వచ్చారు. అత్తగారిని ఇద్దరు పట్టుకొని మంచం మీదికి చేర్చాక ఎదురింటాయన వెనుక తలుపు దగ్గర నిలబడి, "ఏం పెద్దమ్మా, బిస్కెట్ల డబ్బల పోతున్నవా?" అన్నాడు. "అవ్, ఇప్పుడు నేనే బిస్కెట్‌ను. మెత్తగైన, పండ్లు లేనోళ్ళు గూడ తినొచ్చు" అన్నారు ఆమె. అందరూ నవ్వుతుండగా నేను రెండు దెబ్బలు కొట్టాను.

దేవరకొండ నుంచి కల్వకుర్తికి కంకర రోడ్డు, పడమటికి పోతుంది. వెనుక తలుపు ఒకటి తెరిచి తాడుతో కట్టేశాం. పొద్దు మా వెనుక పొడిచి, ఎండ అత్తగారి తల మీదుగా లోపలికి వచ్చింది. ఎర్రమట్టి చెలకలు, కోసేసిన జొన్నకొయ్యలు, అక్కడక్కడ తాటిచెట్లు. దుమ్ము చాలా లేస్తుంది, తెరిచిన తలుపుకు తడిబట్ట కడితే కొంత నయం. ఒకచోట గొర్ల మంద అడ్డం వస్తే బండి ఆగింది. మంద కాసే ఆయన వెనుకనుంచి లోపలికి చూసి, "ఏం మందమ్మా ఇది, ఒక్కటే ఉన్నది?" అంటే, "ముసలిది, అమ్ముడుపోదు, ఊరికే తిప్పుతున్రు" అని అత్తగారే జవాబు చెప్పారు. కల్వకుర్తి చేరేసరికి తొమ్మిది దాటింది. అక్కడ పెట్రోలు పోయించుకోవడం మంచిది, ఆ తర్వాత వనపర్తి దాకా నమ్మకం లేదని మా ఆయన అంటారు. చాయ తాగి నాగర్‌కర్నూలు దారి పట్టాం. ఆ రోడ్డు వంకరలు తిరుగుతూ పోతుంది. మధ్యాహ్నానికి ఊరు దాటి చింతచెట్ల కింద ఆగి, తెచ్చుకున్న జొన్నరొట్టెలు, పచ్చిపులుసు తిన్నాం. అత్తగారు పడుకొనే తిని, నీళ్ళు తాగి, అక్కడినుంచి నిద్రపోయారు. పొద్దు నడినెత్తిన ఉంది. రేకుల కప్పు కింద గొంగళ్ళు పనిచేశాయి. బయటికంటే లోపలే చల్లగా ఉంది.

వనపర్తి దాటి పెబ్బేరు చేరేసరికి సాయంత్రమవుతోంది. అక్కడ హైదరాబాదు నుంచి కర్నూలు పోయే తారు రోడ్డు తగులుతుంది. దాని మీదికి ఎక్కగానే కుదుపులు ఒక్కసారి ఆగిపోయాయి. కష్టం తీరిందనుకున్నాం. కాని కుదుపులు ఆగేసరికి అత్తగారికి మెలకువ వచ్చింది. కాసేపు కిటికీ వైపు చూశారు. తర్వాత కుడిచేతిని ఎత్తి చూసుకున్నారు.

"పిల్లా, పొద్దు మీదికి ఎక్కుతాందా, కిందికి దిగుతాందా?"

"దిగుతాంది అత్తమ్మా."

"మరి నా కుడిచేయి మీద పడ్తాందేందే?"

నాకు వెంటనే తెలియలేదు. ఇంట్లో ఆమె మంచం తల దక్షిణానికి ఉంటుంది. సాయంత్రపు ఎండ ఎప్పుడూ ఎడమచేతి మీదే పడుతుంది. నేను ఇంకా ఆలోచిస్తుండగానే ఆమె మంచం పట్టె పట్టుకొని లేచి కూర్చున్నారు. "ఉత్తరం దిక్కు తల పెట్టి పండవెట్టిండ్రు నన్ను! కన్నతల్లిని పండవెట్టే తీరేనా ఇది!" అన్నారు. నేను గరిటెతో ఒక దెబ్బ కొట్టాను.

ఉత్తరానికి తల పెట్టి మా వైపు ఎవరూ పడుకోరు. పసిపిల్ల ఉయ్యాలకు కూడా చూస్తారు. దేవరకొండ, కల్వకుర్తి రోడ్డు తూర్పు పడమర కాబట్టి మేము బండి నడిపి చూసిన రెండుసార్లూ తల తూర్పుకో పడమటికో ఉంది. ఇంటి దగ్గర బండి నిలిపేదీ పడమటి ముఖంగానే. పెబ్బేరు తర్వాత రోడ్డు నేరుగా దక్షిణానికి పోతుందన్నది మాకు తెలియని సంగతి కాదు, కాని మంచం బిగించేటప్పుడు ఇద్దరికీ తోచలేదు. తల వెనుక పెట్టి దక్షిణానికి పోతే తల ఉత్తరాన ఉంటుంది.

మా ఆయన వెనుకకు వచ్చి, "అమ్మా, ఇది రోడ్డు. నడిచే బండికి దిక్కు ఉంటదా?" అన్నారు.

"బండికి లేకుంటే పాయె, నాకున్నది. ఉత్తరం దిక్కు తల పెట్టి పండుకున్న ఏనుగు తలకాయనే గదరా కోసి వినాయకునికి పెట్టింది? నా తలకాయ ఎవలికి పెడ్తవ్?"

"ఇంక ముప్ఫై నలభై మైళ్ళే ఉన్నది."

"గంతేనా? కాళ్ళు ఎటున్నయి చూసినవా? ఆలంపూర్ జోగులాంబ తల్లి దిక్కు. ఇంత దూరం ఆ తల్లికి కాళ్ళు చూపెట్టుకుంట పోయి, ఆడ చేతులు జోడిస్తనా?"

"అయితే ఏం జెయ్యాలె చెప్పు."

"బండి మళ్ళెయ్యి. ఇంటికి పోదం. ఇటు తిరిగితే తల దక్షిణం ఉంటది."

ఆ మాట నిజమే. మేము చేసిన బండి ఇంటికి పోవడానికి సరిగ్గా కుదిరింది, ఆలంపూర్ పోవడానికే కుదరలేదు. ఆమె పడుకోమంటే పడుకోవడం లేదు. కూర్చుంటే నొప్పికి పెదవులు బిగబట్టుకుంటున్నారు, నుదుటి మీద చెమట పడుతోంది. అట్లా ఆలంపూర్ దాకా పోవడం అయ్యే పని కాదు. వెనుకకు మళ్ళితే మళ్ళీ ఇంత పని పెట్టుకొని ఎవరూ బయలుదేరరు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అందుకే మాట గట్టిగా ఉన్నా చూపు మాత్రం రోడ్డు మీదే ఉంది.

రోడ్డు పక్కనే ఒక చాయ హోటలు ఉంది. నడిపేది ఒక నడివయసు ఆమె. కర్నూలు పోయే లారీ డ్రైవరు అక్కడ చాయ తాగుతూ అంతా విన్నాడు. "గీనికి ఫికర్ ఎందుకు అన్నా? బండిని ఎనకకు నడుపుకుంట పో. పెద్దమ్మ తల దక్షిణమే ఉంటది" అన్నాడు. హోటలు ముందున్నవాళ్ళు నవ్వారు. అత్తగారు నవ్వలేదు. కొడుకును చూసి, "పోతదా?" అని అడిగారు.

"ముప్ఫై మైళ్ళు ఎనకకు నడపాల్నా?"

"ఎద్దులైతే పోవు. ఇది మిషినే గద."

హోటలామె దగ్గరికి వచ్చి, "ఎందుకు పెద్దమ్మా గింత రంది? మెత్త తీసి అటు పెట్టుకొని, అటే తల పెట్టి పండుకో" అన్నది. అత్తగారు ఆమెను ఎగాదిగా చూశారు. "కాళ్ళ దిక్కు తాళ్ళ మీద తల పెడ్తరా ఎవలన్న? మీ ఊర్లె పెడ్తరా?" అన్నారు. నులక మంచానికి కాళ్ళ వైపు నేత ఉండదు, బిగించుకునే తాళ్ళు మాత్రం ఉంటాయి. అవి కాళ్ళకే, తలకు కాదు. హోటలామె కూడా అది ఒప్పుకొని, "అవ్, అది నిజమే" అని తల ఊపింది. తల తిప్పితే చాలదు, మంచాన్నే తిప్పాలి. మంచం పొడుగు బండి వెడల్పు కంటే ఎక్కువ, లోపల తిరగదు. పైగా బోల్టులు ఉన్నాయి.

నేను అత్తగారితోనే అన్నాను, ఆయనకు కూడా వినిపించేటట్టు. "అత్తమ్మా, మంచం బయటికి గుంజి, తిప్పి లోపల పెడ్తే అయితది గద. మళ్ళ వచ్చేటప్పుడు గూడ తిప్పాలె. బోల్టులు ఎందుకు, తాళ్ళతోటి కట్టుకుంటే విప్పుకోవచ్చు."

అత్తగారు బోల్టుల వైపు చూశారు. "అవ్. ఇంటికి పోయేటప్పుడు దిక్కు మారుతది" అన్నారు. తర్వాత కొడుకు వైపు తిరిగి, "ఇన్నవా రా?" అన్నారు.

"ఇన్న" అన్నారు ఆయన.

హోటలామె తన బల్ల ఇచ్చింది. దాని మీద గొంగడి పరిచి అత్తగారిని దించి పడుకోబెట్టాం. బల్ల ఏ దిక్కుకు ఉందో ముందు చూసుకున్నాకే ఆమె ఒరిగారు. ఎనకకు నడపమన్న లారీ డ్రైవరే తన బండిలోంచి పానా తెచ్చి కిందికి దూరాడు. బోల్టులు, ఏటవాలు పలక ఊడదీసి, మంచం బయటికి లాగి తిప్పి మళ్ళీ లోపలికి తోశారు. బోల్టుల జాగాలో, మంచం బిగించగా మిగిలి బండిలో ఉన్న నులక తాడును నాలుగు కోళ్ళకూ వేసి, బండి గోడల ఇనుప కమ్ములకు బిగించి కట్టారు. పలకను ఇటువైపు కట్టారు. ఇప్పుడు తల ఇంజను వైపు వచ్చింది, కాబట్టి వేడి సంగతి చూడాలి. నేను ఒక గొంగడిని రెండు మడతలు వేసి, హోటలు బాయి నీళ్ళలో ముంచి పిండి, రేకు గోడకు వేలాడదీశాను. మా నాయిన ఎండాకాలం మంద వెంట పోయేటప్పుడు నీళ్ళ కుండకు అట్లాగే చుట్టేవాడు. తడిసిన గొంగడికి గొర్రె వాసన వస్తుంది. అత్తగారు ఎక్కి పడుకోగానే ముక్కు మూసుకొని, "ఏంది కోడలా, మీ నాయిన మంద మొత్తం ఎక్కిందా బండిల?" అన్నారు. తర్వాత కిటికీ రెక్క ఎత్తమని, ఎండ ఏ చేతి మీద పడుతుందో చూసుకున్నారు. ఎడమచేయి. "పోనియ్" అన్నారు. హోటలామె చాయలకు డబ్బులు తీసుకున్నది గాని, బల్లకూ నీళ్ళకూ ఇస్తే తీసుకోలేదు.

మసక పడేవేళకు బీచుపల్లి చేరాం. కృష్ణ ఒడ్డున ఆంజనేయస్వామి గుడి ఉంది. బండి ఎక్కడ పెట్టుకోవాలని అడిగితే పూజారి, "గుడి ముందల వద్దు, ఆ చెట్ల కింద పెట్టుకోర్రి, నీళ్ళు దగ్గరుంటయి" అన్నారు. ఎవరూ ఏమీ అడగలేదు. బండి ముఖం దక్షిణానికి పెట్టి నిలిపాం. స్టవ్వు కిందికి దించి అన్నం, పప్పు వండాను. ఆయన ముందు సీటు మీద, నేను మంచం పక్కన నేల మీద పడుకున్నాం. పొద్దున స్నానాలు చేసి, వంతెన దాటి సాగిపోయాం. తాళ్ళ వల్ల మేము అనుకోని లాభం ఒకటి కనిపించింది. బోల్టుల మంచం గుంత వస్తే బండితోపాటు ఎగిరిపడేది. తాళ్ళ మంచం కొంచెం ఊగి కుదుటపడుతుంది. అత్తగారు నిన్నటి కంటే తక్కువ మూలిగారు. ఆలంపూర్ చౌరస్తా దగ్గర ఎడమకు తిరిగితే రోడ్డు తూర్పుకు పోతుంది. తల తూర్పుకు ఉండటం మంచిదే కాబట్టి అభ్యంతరం రాలేదు.

ఆలంపూర్‌లో చిన్నత్తమ్మ, అంటే అత్తగారి చెల్లెలు, ఉండే ఇల్లు ఒక సన్నని గల్లీలో ఉంది. బండి పోదు. మంచం మోసుకుపోదామంటే గల్లీ మలుపులో తిరగదు. గుళ్ళకు కొంచెం ఇవతల ఖాళీ జాగాలో బండి నిలిపి, మా ఆయన కబురు చెప్పడానికి పోయారు. కాసేపటికి చిన్నత్తమ్మ కోడలి చేయి పట్టుకొని, ఇంకో చేతిలో కట్టెతో వచ్చారు. బండి దగ్గర ఆగి రేకును తడిమి చూశారు.

"బిస్కెట్ల వాసన వస్తాందేందే?"

"ఎక్కవే లోపలికి, నేనే" అన్నారు అత్తగారు.

నా భుజం పట్టుకొని ఆమె వెనుకనుంచి ఎక్కారు. మంచం పట్టె దొరికింది, తర్వాత అక్క పాదాలు దొరికాయి. అక్కడే ఆగారు.

"కాళ్ళు గివి. అక్కా, నీ తల ఏ దిక్కున్నది?"

"తూర్పు."

"మంచిగున్నది" అని, పాదాల నుంచి మోకాళ్ళు, విరిగిన తుంటి, చేతులు తడుముకుంటూ ముఖం దాకా పోయారు. అత్తగారు కదలకుండా పడుకున్నారు. నేను తెర లాగి, స్టవ్వు దించి చాయ పెట్టాను.

తర్వాత రెండు రోజులూ చిన్నత్తమ్మ ఇంటికి పోలేదు. బండిలోనే ఉన్నారు. ఆమె కోడలు అన్నం తెచ్చేది. నేనూ మా ఆయనా వాళ్ళ ఇంటి అరుగు మీద పడుకున్నాం. పొద్దున పోయి చూస్తే ఇద్దరూ మంచం మీదా కిందా పడుకొని ఎవరి గొర్రె ఎవరి చేను మేసిందో, అప్పటి పంచాయితీలో ఎవరు అబద్ధం ఆడారో తేల్చుకుంటూ ఉండేవాళ్ళు. రెండో రోజు పొద్దున తాళ్ళు విప్పి, మంచంతోనే అత్తగారిని గుడికి తీసుకుపోయారు. చిన్నత్తమ్మ కొడుకులు, మా ఆయన మోశారు. జోగులాంబ తల్లి ఇప్పుడు బాలబ్రహ్మేశ్వరుని గుడిలోనే ఒక మూల ఉంది. గుడి వాకిట్లో మంచం దించి, అత్తగారిని లేపి ఇద్దరం పట్టుకుంటే తల్లి ముందుకు నాలుగడుగులు నడిచారు. ఎక్కువసేపు నిలబడలేదు. తుంగభద్ర కనిపించే చోట కాసేపు మంచం పెట్టమన్నారు, పెట్టాం.

బయలుదేరే పొద్దున మంచాన్ని మళ్ళీ తిప్పి కట్టాం. ఇప్పుడు ఉత్తరానికి పోవాలి కాబట్టి తల వెనుక తలుపుల వైపు, మొదట దేవరకొండలో బిగించినట్టే. అట్లా పడుకుంటే అత్తగారికి ముందు గోడ, కొడుకు వీపు తప్ప ఏమీ కనిపించదు. చెల్లెలు వెనుక నిలబడి ఉన్నారు, ఆమెను చూడటానికి అత్తగారికి తిరగరాదు. చెల్లెలికి కళ్ళు లేవు. తెరిచిన తలుపులోంచి చేతులు చాపితే అక్క తల సరిగ్గా అందింది. రెండు చేతులూ తల మీద పెట్టి నిలబడ్డారు. జుట్టు సరిచేశారు. "ఒక్క నల్లెంటిక గూడ లేదా?" అని అడిగితే, "నువ్వే చూడు" అన్నారు అత్తగారు. మా ఆయన ఇంజను వేసి ఎదురుచూస్తున్నారు. నేను గరిటె పట్టుకొని కూర్చున్నాను. చివరకు అత్తగారు పైన ఉన్న చేతుల మీద తన చేయి వేసి, "కొట్టు పిల్లా" అన్నారు. రెండు దెబ్బలు కొట్టాను. బండి మెల్లగా కదిలింది. చిన్నత్తమ్మ చేతులు తీయకుండా బండితోపాటు నాలుగడుగులు నడిచి, ఆగిపోయారు.

ఇంటికి వచ్చాక బండి మళ్ళీ చీరల మూటలకు పోయింది, మంచం మళ్ళీ అరుగు మీదికి వచ్చింది. కప్పుకు కుట్టిన గొంగళ్ళు, కిటికీలు మాత్రం అట్లాగే ఉంచాం. అత్తగారు ఈ మధ్య చెల్లెలి సంగతే కాకుండా వేరే సంగతులు కూడా మాట్లాడుతున్నారు, అన్నం సరిగ్గా తింటున్నారు. పెబ్బేరులో వెనుకకు మళ్ళి ఉంటే ఎట్లా ఉండేదో నేను ఆలోచించలేదు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు లేవలేని మనుషులను దవాఖానకు తీసుకుపోవడానికి అప్పుడప్పుడు బండి అడగడానికి వస్తున్నారు. మా ఆయన కిరాయి మాట తర్వాత మాట్లాడతారు. ముందు, "ఏ దిక్కు పోవాలె?" అని అడుగుతారు. మాలాగా బండిలో మంచం వేసుకోవాలనుకునేవాళ్ళకు నేను చెప్పేది కూడా అదే. ఇంటి ముందు బండి ఎటు తిరిగి ఉందో చూసి మంచం బిగించవద్దు, పోయే రోడ్డు ఎటు తిరుగుతుందో చూడండి. బోల్టులు వేయకుండా తాళ్ళతో కట్టండి, ఇంకో రెండు బారల నులక తాడు వెంట ఉంచుకోండి. పోయిన మనిషి తిరిగి కూడా రావాలి, అప్పుడు మంచం తిప్పక తప్పదు.